పాయ దాటిన థర్మాకోల్ గద్ద

ఇంతకు ముందు నేనెప్పుడూ ఏమీ రాయలేదు. ఐదో తరగతితో బడి ఆగిపోయింది. పదిమందిలో మాట్లాడమంటే గొంతు లేవదు నాకు. ఈ సంగతి నోటితో చెప్పబోతే సగంలోనే ఎవరో ఒకరు నవ్వేస్తారు, చివరిదాకా చెప్పనివ్వరు. కాగితం నవ్వదు గదా అని రాస్తున్నాను. నాంచారమ్మ మనసులో ఏముందో నీకెట్టా తెలుసని మాత్రం అడక్కండి. తెలుసు.

ఆ రోజు నాంచారమ్మ ఖాదర్ ఉస్తాదు గారి పాక ముందు నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు. గుమ్మం పట్టుకుని ఒక్కటే మాట అంది.

"ఉస్తాదు గారూ, తెగని లింకు కావాలి నాకు."

ఉస్తాదు గారు చేపల పెట్టె మూత ఒకటి ఒళ్ళో పెట్టుకుని రంపపు బ్లేడుతో కోస్తున్నారు. తెల్లటి థర్మాకోల్ పొట్టు ఆయన గడ్డం నిండా పడి ఉంది. తల ఎత్తి చూశారు.

"తెగనిదా?" అన్నారు.

"తెగనిదే."

"చూద్దాం లేమ్మా. ముందు కూర్చో."

నాంచారమ్మ పిట్టల మనిషి. రొయ్యల చెరువుల మీద పిట్టలు వాలకుండా చూడటం ఆమె పని. సముద్రం ఒడ్డు చెరువులంటే నీటికాకులకి పెళ్ళిభోజనం. గుంపుగా దిగాయంటే పిల్ల రొయ్యని మిగల్చవు. ఒకప్పుడు ఆమె గట్టు మీద డబ్బా కొట్టుకుంటూ, హోయ్ హోయ్ అని అరుచుకుంటూ తిరిగేది. నలుగురి ముందు నోరు విప్పలేని మనిషికి అరవడమే కూలి అయింది. సాయంత్రానికి గొంతులోంచి గాలి తప్ప మాట వచ్చేది కాదు.

ఉస్తాదు గారు ఓడల మీద వైర్‌లెస్ పనిచేసి వచ్చిన మనిషి. వయసు మీద పడ్డాక ఈ ఉప్పునేలలో పాక వేసుకుని, పారేసిన చేపల పెట్టెలతో చిన్న విమానాలు చేసి ఎగరేసుకునేవారు. ఒక రోజు ఆయనే గట్టు మీదికి వచ్చి, "అమ్మా, నీ బదులు అరిచే వాణ్ణి ఒకణ్ణి చేసిస్తాను, నేర్చుకుంటావా?" అని అడిగారు. థర్మాకోల్‌తో గద్ద చేశారు. చాచిన రెక్కలు, గోధుమరంగు పూత, ముక్కు దగ్గర చిన్న మోటారు, దానికో పంకా. చేతిలో రిమోటు ఉంటే చాలు, చెప్పినట్టు ఎగిరేది.

నాంచారమ్మకి నేర్చుకోవడానికి చాలా రోజులే పట్టింది. నేర్చుకున్నాక గద్ద నీడ నీళ్ళ మీద పడితే చాలు, నీటికాకులు లేచి పోయేవి. ఆమె గొంతు ఆమెకి తిరిగొచ్చింది.

తర్వాత చెరువుల ఆసామి పాయ అవతల కూడా చెరువులు తవ్వించాడు. సముద్రంలోంచి లోపలికి పొడుచుకొచ్చిన ఉప్పునీటి పాయ అది. మనిషి దాటాలంటే చుట్టూ తిరిగి వంతెన మీదుగా పోవాలి. గద్దకైతే ఒక్క ఊపు. అట్టాగే పంపింది నాంచారమ్మ. అది చిన్నదైపోతుంటే భయమేసి రిమోటు ఏరియల్ కొనని గురిపెట్టినట్టు దాని వైపే చాచింది. అంతే, గద్ద మాట వినలేదు. తిరగమంటే తిరగలేదు. నేరుగా సముద్రం మీదికి పోయి పోయి చుక్కై, ఆ చుక్క కూడా లేకుండా పోయింది.

అది మొదటి గద్ద. ఉస్తాదు గారు రెండోది చేసిచ్చారు. ఆయన చేతులు వణుకుతున్నాయి ఇప్పుడు. మూడోది చెయ్యలేరని నాంచారమ్మకి తెలుసు.

ఈలోపు ఆసామి గట్టు మీదికి వచ్చి తేల్చి చెప్పాడు. "పాయ అవతలకి నీ గద్ద రాకపోతే చెప్పు. అన్ని చెరువులకీ కలిపి పైన వలే కట్టించేస్తాను. వల కట్టాక పిట్టల మనిషితో నాకేం పని?"

అందుకే ఆమె రిమోటుకీ గద్దకీ మధ్య తెగని లింకు అడిగింది.

ఉస్తాదు గారు కాదనలేదు. అడిగినవన్నీ చేశారు. పాత రిమోటు పక్కన పెట్టి, దూరం వినపడే రకం తెప్పించారు. గద్ద పొట్టలో మాట వినే పెట్టె ఉంటుంది, రిసీవరంటారు. దాని ఏరియల్ తీగెలు రెండూ ఒకదానికొకటి అడ్డంగా పెట్టారు, గద్ద ఎటు తిరిగినా ఏదో ఒకటి వినేటట్టు. నాంచారమ్మ చెయ్యి పట్టుకుని మణికట్టు కొంచెం పక్కకి తిప్పారు.

"కొన చూపించకమ్మా. ఏరియల్ కొన వైపు ఏమీ పోదు. పక్కవాటుగా పట్టుకో."

"దాని వైపు చూపిస్తేనే కదండీ వినపడేది?"

ఉస్తాదు గారు నవ్వి, మణికట్టు ఇంకొంచెం తిప్పారు.

రోజూ పొద్దున్నే నేల మీద పరీక్ష. దగ్గర్లోనే దూరం సంగతి తేలేటట్టు రిమోటు బలం బాగా తగ్గించి పెట్టి, గద్దని పోతురాజు చేతికిచ్చి, గట్టు వెంట నడిచి పొమ్మనేది. పోతురాజు పక్క చెరువుల కాపలాదారు. ఇప్పటికీ పిట్టలకి టపాకాయలే కాలుస్తాడు. ఆమె రిమోటు కదిపినప్పుడల్లా గద్ద తోక ఊగాలి. ఊగితే అతను తువ్వాలు ఎత్తి ఊపాలి.

"ఊగిందా?" దూరం నుంచి ఆమె చెయ్యి ఊపి అడిగేది.

"ఊగింది వదినా! నా కంటే బాగా ఊగుతోంది!"

"ఇంకా పో!"

"ఇంకా పోతే బంగాళాఖాతం! నా పెళ్ళాం నిన్ను వదల్దు!"

అన్నీ బాగానే ఉన్నాయి. పరీక్షల్లో లింకు ఎక్కడా తెగలేదు. అయినా రోజూ అదే వరస. గద్ద పాయ ఒడ్డుదాకా పోయేది. అక్కడికి రాగానే నాంచారమ్మ బొటనవేలు దానంతటదే పక్కకి జరిగేది. గద్ద వెనక్కి తిరిగేది. అవతల చెరువుల్లో నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ కూర్చునేవి.

"ఏంటొదినా, మీ గద్దకి పాయ దాటడానికి పడవ కట్టమంటావా?" అన్నాడు పోతురాజు ఒక రోజు. అన్నాక ఆమె ముఖం చూసి నవ్వు ఆపేశాడు. "ఎల్లుండి వలలోళ్ళు కొలతలకి వస్తున్నారంట వదినా. ఆసామి ఫోను చేశాడు."

ఆ సాయంత్రమే ఆమె మళ్ళీ ఉస్తాదు గారి పాకకి పోయింది. ఈసారి గుమ్మం దగ్గర ఆగలేదు. లోపలికి పోయి కింద కూర్చుంది.

"ఇంకా పెద్ద రిమోటు ఉందా ఉస్తాదు గారూ?"

"ఉంది."

"దాంతో తెగదా?"

"ఇంకా దూరం పోయాక తెగుతుంది."

"దానికంటే పెద్దది?"

"ఓడల మీద ఇంతెత్తు స్తంభాలుండేవమ్మా. సముద్రాలు దాటి మాట్లాడేవాళ్ళం. అవీ తెగేవి."

నాంచారమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ నేల చూసింది. "మరైతే ఎట్టా?"

ఆయన లేచారు. గ్లాసులో టీ పోసి ఆమె ముందు పెట్టి, "రేపు మధ్యాహ్నం గద్దని తీసుకురా" అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం పోయింది. ఉస్తాదు గారు పాక మధ్యలో స్థలం చేశారు. "మోకాళ్ళ మీద కూర్చో. గద్దని వెనక నుంచి రెండు చేతులతో గట్టిగా పట్టుకో. పంకాకి దూరంగా ఉండు" అన్నారు. ఆమె అట్టాగే పట్టుకుంది. బ్యాటరీ తగిలించారు. రిమోటు ఆయన చేతిలో ఉంది. మోటారు ఆగి ఉంది. పాకంతా నిశ్శబ్దం.

ఆయన రిమోటు ఆపేశారు.

ఒక్క రెప్పపాటు ఏమీ లేదు. ఆ తర్వాత పంకా గుర్రుమని లేచింది. గద్ద ఆమె చేతుల్లో ముందుకు గుంజింది. నేల మీది థర్మాకోల్ పొట్టంతా మంచులాగా లేచి చుట్టూ తిరిగింది. నాంచారమ్మ భుజాలు బిగించి పట్టుకుంది. వదిలితే గుమ్మంలోంచి బయటికి పోయేదే.

ఆయన రిమోటు మళ్ళీ వేశారు. పంకా ఆగింది.

మళ్ళీ ఆపారు. మళ్ళీ గుర్రుమంది, మళ్ళీ గుంజింది.

ఆమె గద్ద వంక, రిమోటు వంక మార్చి మార్చి చూసింది.

రిసీవరు మీద చిన్న బొత్తం ఒకటి ఉంటుంది. రిమోటు మాట వినపడనప్పుడు గద్ద ఏం చెయ్యాలో ముందే చెప్పిపెట్టే బొత్తం అది. రిమోటు మీద వేలితో కదిపే పుల్లలు ఎట్టా పెట్టి ఆ బొత్తం నొక్కుతామో, లింకు తెగినప్పుడు గద్ద అట్టా చేస్తుంది. ఈ సంగతి ఉస్తాదు గారు మొదట్లోనే చెప్పారు. మొదటి గద్దకీ రెండో గద్దకీ కూడా ఆ బొత్తం నాంచారమ్మే ఇంటి దగ్గర కూర్చుని నొక్కుకుంది.

"బొత్తం నొక్కినప్పుడు మోటారు పుల్ల ఎక్కడ పెట్టావమ్మా?" అని అడిగారు ఆయన మెల్లగా.

"పైకి."

"ఎందుకు?"

"పడిపోకూడదని."

"పడిపోవద్దని చెప్పావు. ఎక్కడ ఉండాలో చెప్పావా?"

నాంచారమ్మ గద్దని ఒళ్ళోకి తీసుకుంది. ఆ రోజు సముద్రం మీద చుక్కైపోయిన మొదటి గద్ద కళ్ళ ముందుకొచ్చింది. ఇన్నాళ్ళూ అది మాట వినలేదనే అనుకుంది. ఒళ్ళో గద్ద రెక్క మీది పొట్టు తుడిచింది.

"పాపం, చెప్పినట్టే చేసింది ఉస్తాదు గారూ."

"చేసింది" అన్నారు ఆయన. "నేనూ ఆ రోజే ఒకసారి ఆపి చూడాల్సింది. చూడలేదు."

రిమోటు ఆమె చేతికిచ్చారు. మోటారు పుల్ల కిందికంటా దించింది. తోక పుల్ల ఎడమకి కొంచెం, కొంచెమే జరిపింది. ఆయన వైపు చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఆమె బొత్తం నొక్కింది.

"ఇప్పుడు నువ్వే ఆపు" అన్నారు.

ఆపింది. పంకా కదల్లేదు. తోక మాత్రం నెమ్మదిగా ఎడమకి తిరిగి అక్కడే ఆగింది.

"గాలి తిరగనీ, పోదాం" అన్నారు ఉస్తాదు గారు. సముద్రపు గాలి ఒడ్డు వైపు మళ్ళేదాకా కూర్చున్నారు. ఆయన నమాజు చేసుకున్నారు. గాలి మళ్ళి పాక తడికలు కొట్టుకోవడం మొదలయ్యాక ఇద్దరూ గట్టు మీదికి నడిచారు.

పోతురాజు తూము మీద కూర్చుని ఉన్నాడు. చూసి లేచాడు.

"ఇవాళ ఉస్తాదు గారిని కూడా తెచ్చావే వదినా! గద్దకి తాయెత్తు కట్టిస్తావా?"

"నీ నోటికి కట్టిస్తా" అంది నాంచారమ్మ గొణిగినట్టు. కానీ అతనికి వినపడింది. నోరు మూసుకుని, మూతికి తాయెత్తు కట్టినట్టు వేళ్ళు పెట్టుకుని నవ్వాడు.

గద్ద లేచింది.

"ఎత్తు తీసుకో. బాగా తీసుకో" అన్నారు ఉస్తాదు గారు. గద్ద చెరువుల మీద చుట్లు తిరుగుతూ పైకి పోయింది. "ఇప్పుడు పంపు."

పాయ ఒడ్డు వచ్చింది. నాంచారమ్మ బొటనవేలు జరగబోయింది. పక్కన ఆయన ఉన్నారు గనక జరగలేదు. గద్ద పాయ నీళ్ళ మీదికి పోయింది. అవతలి గట్టు దాటింది. వేలెడంత అయింది. గోరంత అయింది.

"ఇటివ్వమ్మా" అన్నారు ఉస్తాదు గారు.

అలసిపోయావు కాసేపు నేను చూస్తానని అంటున్నారనుకుంది. ఇచ్చేసింది.

ఆయన రిమోటు ఆపేశారు.

"ఉస్తాదు గారూ!"

అది మామూలు అరుపు కాదు. డబ్బా కొట్టుకుని తిరిగిన రోజుల్లో కూడా నాంచారమ్మ అంత గట్టిగా అరవలేదు. పోతురాజు తూము మీంచి దూకాడు. ఇవతలి చెరువులో పిట్టలు సైతం లేచాయి.

ఉస్తాదు గారు రిమోటు గట్టు మీద పెట్టారు. కళ్ళజోడు తీశారు. సముద్రం గాలికి అద్దాల మీద ఉప్పు పేరుకుంది. లాల్చీ అంచు పట్టుకుని ఒక అద్దం తుడవడం మొదలుపెట్టారు. జోడు లేకపోతే ఆయనకి తన చెయ్యి తనకి కనపడదు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. తొందర లేకుండా తుడుస్తున్నారు. ఊదారు. మళ్ళీ తుడిచారు. రెండో అద్దం మొదలుపెట్టారు.

నాంచారమ్మ రిమోటు వైపు వంగబోయింది. వంగలేకపోయింది. రిమోటు వైపు చూస్తే గద్ద మీది నుంచి చూపు తియ్యాలి. తీస్తే మళ్ళీ దొరకదేమోనని భయం. కళ్ళు ఆర్పకుండా ఆ గోరంత దాన్నే చూస్తూ నిలబడింది. నీళ్ళు కారుతున్నాయి. గాలికో, భయానికో.

గద్ద మోటారు ఆగిపోయింది. ముక్కు కొంచెం వాల్చింది. ఎడమకి ఒరిగింది.

ఒరిగి తిరిగింది. పెద్ద చుట్టు. పాయ అవతల చెరువుల మీదుగా, గట్టు మీదుగా, మడ చెట్ల మీదుగా వచ్చి, మళ్ళీ చెరువుల మీదికే పోయింది. ఇంకో చుట్టు. సముద్రం వైపు పోలేదు. సముద్రం గాలే మెల్లగా ఇటు నెడుతోంది దాన్ని. ఒక్కో చుట్టుకి ఒక్క పిసరు దగ్గరకొస్తోంది. ఒక్క పిసరు కిందికి దిగుతోంది.

కింద చెరువుల్లో నీటికాకులు ఒక్కసారిగా లేచాయి. నల్లగా, గుంపుగా, అటూ ఇటూ కొట్టుకుని మడ వైపు పారిపోయాయి.

"ఎక్కడుంది?" అని అడిగారు ఉస్తాదు గారు. ఇంకా అద్దం తుడుస్తూనే ఉన్నారు.

"అక్కడే" అంది నాంచారమ్మ.

"అక్కడే అంటే?"

"అక్కడే ఉందండీ. అక్కడే తిరుగుతోంది." ఆమె చూపు తిప్పలేదు. "ఎక్కడికీ పోలేదు."

"రిమోటు వెయ్యకపోతే ఏమవుతుంది?"

"ఇంకా కొన్ని చుట్లు తిరిగి బురదలో దిగుతుంది."

"దిగితే?"

"వెళ్ళి తెచ్చుకుంటాను."

ఆయన జోడు పెట్టుకున్నారు. రిమోటు తీసి ఆమె చేతిలో పెట్టారు. తను వెయ్యలేదు.

నాంచారమ్మ వేలు మీట మీద పెట్టింది. వెంటనే వెయ్యలేదు. గద్ద ఇంకో చుట్టు తిరిగిందాకా చూసింది. ఎప్పుడూ లేంది, ఆ చుట్టు ఆమెకి అందంగా కనిపించింది. రెక్క మీద ఎండ పడి మెరిసింది. తర్వాత వేసింది. పుల్ల కొంచెం పైకి నెట్టింది. దూరం నుంచి మోటారు శబ్దం సన్నగా వినపడింది. తిరగమంది, తిరిగింది.

అప్పుడు వచ్చింది నవ్వు. ఏడుపూ నవ్వూ కాని నవ్వు. గుండెల్లో ఇన్నాళ్ళూ బిగిసిన కట్టు ఏదో తెగినట్టు వచ్చింది. గట్టు మీద చతికిలబడి, గద్దని చూస్తూ, రిమోటు పక్కవాటుగా పట్టుకుని నవ్వుతూనే ఉంది. పోతురాజు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వాడు.

"ఆసామికి నేను ఫోను చేస్తాలే వదినా" అన్నాడు. "అవతల చెరువుల్లో ఒక్క పిట్ట లేదు, నా కళ్ళతో చూశాను. వలలోళ్ళని రావద్దంటాను. నీ అరుపుకే సగం పోయాయి, అది మాత్రం చెప్పన్లే."

తిరిగి వస్తుంటే నాంచారమ్మ గద్దని చంకలో పెట్టుకుని ఆయన వెనకే నడిచింది. గట్టు సన్నం. ఇద్దరూ పక్కపక్కన పట్టరు.

"మీకు భయం వెయ్యలేదా ఉస్తాదు గారూ?" అని అడిగింది.

"వేసింది" అన్నారు ఆయన వెనక్కి తిరక్కుండానే. "అందుకే జోడు తీశాను."

కొంచెం దూరం పోయాక ఆగి, ఊపిరి తీసుకున్నారు.

"తెగని లింకు నా దగ్గర లేదమ్మా. ఎవరి దగ్గరా లేదు. తెగినప్పుడు ఎక్కడ ఉండాలో తెలిసిన గద్ద ఉంది. తీసుకుపో."

మర్నాడు సముద్రపు గాలి ఒడ్డు వైపు మళ్ళాక నాంచారమ్మ ఒక్కతే గట్టు ఎక్కింది. గద్దని పాయ దాటించి అవతల చెరువుల మీద ఎత్తుగా తిప్పింది. రిమోటు ఆపి గట్టు మీద పెట్టింది. గాలికి ముఖం మీద పడుతున్న జుట్టుని రెండు చేతులతో వెనక్కి దువ్వుకుని, నిమ్మళంగా కొప్పు ముడేసుకుంది.